కిండర్‌గార్టెన్ చివరి నెలలు: ఐదేళ్ల పిల్లలు ఏం నేర్చుకున్నారో ఎలా తెలుసుకోవాలి?



ఈనాటి మన పాఠ్యాంశం యూకేజీ చదివే పిల్లల గురించి. ఇందులో పెద్దవాళ్లకు పనికివచ్చేది ఏముందని మీరు అనుకోవచ్చు. మీ ఇంట్లో ఐదేళ్ల తమ్ముడో చెల్లెలో ఉంటే, లేదా మీలో ఎవరైనా రేపు ఉపాధ్యాయులు కావాలనుకుంటే, ఈ విషయం మీకు తప్పకుండా పనికివస్తుంది. ఒక చిన్న సంఘటనతో పాఠం మొదలుపెడదాం.

కోల్‌కతాలోని భవానీపూర్‌లో మా బంధువులు స్థిరపడ్డారు. వాళ్ల బాబుకు యూకేజీ చివరి నెలలు నడుస్తున్నాయి. ఒకటో తరగతిలో చేర్చడానికి వాడిని వేరే బడికి తీసుకెళ్లారు. అక్కడి టీచరు ఒక ఎర్ర పెన్సిలు చేత్తో పట్టుకుని, “ఇది ఏ రంగు?” అని ఇంగ్లీషులో అడిగారు. వాడు నోరు విప్పలేదు. రెండోసారి అడిగినా మౌనమే. “రంగులు తెలియవు” అని కాగితం మీద రాసుకున్నారు. సీటు రాలేదు. ఇంటికి వచ్చాక వాళ్లమ్మ, “ఎందుకురా చెప్పలేదు?” అని అడిగితే వాడు, “ఆవిడకి తెలుసుగా అమ్మా, చేతిలోనే పట్టుకుంది కదా!” అన్నాడు.

ఆ బాబుకు రంగులు తెలుసు. కానీ ఆ గదిలో ఆ విషయం ఎవరికీ తెలియలేదు. ఐదేళ్ల పిల్లవాడు ఏడాదంతా ఏం నేర్చుకున్నాడో ఐదు నిమిషాల్లో, నాలుగు ప్రశ్నలతో తెలుసుకోగలమా? శాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం.

1. ఒకే పేట, రెండు సంవత్సరాంతాలు

కిండర్‌గార్టెన్ అంటే జర్మన్ భాషలో పిల్లల తోట అని అర్థం. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాట్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ పెట్టి, 1840లో దానికి ఆ పేరు పెట్టారు. బంతులు, ఘనాలు, స్తూపాలు వంటి ఆటవస్తువులే అక్కడ పాఠ్యపుస్తకాలు. ఆ తోటలో చెట్టుకు పరీక్ష పెట్టే ఆలోచన లేదు. చెట్టు ఎంత ఎదిగిందో చూసే తోటమాలి మాత్రం ఉన్నాడు.

మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో బడి జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుందని మీకు తెలుసు. భవానీపూర్‌లో అలా కాదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ పాఠశాలల్లో, ఎయిడెడ్ పాఠశాలల్లో విద్యా సంవత్సరం జనవరిలో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. కేంద్ర బోర్డుల పరిధిలోని ఇంగ్లీషు మీడియం బడుల్లో ఏప్రిల్ నుంచి మార్చి వరకు. కాబట్టి ఒకే వీధిలోని ఇద్దరు పిల్లలకు మూడు నెలల తేడాతో సంవత్సరాంతం వస్తుంది.

ఈ రెండింటి నడుమ, మాఘ శుద్ధ పంచమి నాడు, సరస్వతీ పూజ వస్తుంది. ఆ రోజు బెంగాలీ ఇళ్లలో చిన్నపిల్లలకు ‘హాతే ఖొడి’ చేస్తారు. చేతికి సుద్దముక్క ఇవ్వడమని ఆ మాటకు అర్థం. పెద్దలు పిల్లవాడి చెయ్యి పట్టుకుని పలక మీద మొదటి అక్షరం దిద్దిస్తారు. మనం బియ్యపు పళ్లెంలో దిద్దించే అక్షరాభ్యాసం వంటిదే ఇది. ఆ పలక తర్వాత తరతరాల బెంగాలీ పిల్లల చేతికి వచ్చిన పుస్తకాలు మూడు: 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ రాసిన ‘వర్ణపరిచయ్’, 1897లో యోగీంద్రనాథ్ సర్కార్ తెచ్చిన ‘హాసిఖుషి’, 1930లో నందలాల్ బోస్ బొమ్మలతో వచ్చిన రవీంద్రుని ‘సహజ్ పాఠ్’.

సంవత్సరం చివరికి యూకేజీ పిల్లలు ఏం చేస్తూ కనిపిస్తారు? నూరు వరకు అంకెలు చెబుతారు. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెడతారు. రెండు మూడు అక్షరాల మాటలు చదువుతారు. తమ పేరు రాస్తారు. చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తుతారు. వార్షికోత్సవంలో పాటకు అడుగులు వేస్తారు. కొన్ని బడుల్లో నల్లటోపీ, గౌను వేసుకుని పట్టభద్రుల్లా ఫోటో కూడా దిగుతారు. ఇవన్నీ పైకి కనబడేవి. లోపల జరిగిన మార్పులను నాలుగు భాగాలుగా పరిశీలిద్దాం.

2. చెయ్యి నేర్చుకున్నది

మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. శిశువు పుట్టినప్పుడు ఇవన్నీ మృదులాస్థి రూపంలోనే ఉంటాయి. మొదటి రెండు తొలి ఏడాదిలో గట్టిపడటం మొదలుపెడతాయి. ఐదారేళ్ల వయసుకు ఏడింటిలో దాకా ఈ పని మొదలవుతుంది. చివరిదైన పిసిఫారం ఎముక సుమారు పదేళ్లకు గానీ అందుకోదు. అంటే యూకేజీ పిల్లవాడి మణికట్టు ఇంకా తయారవుతూనే ఉంది. దానికి తోడు వేళ్ల కండరాలను నడిపించే నాడీవ్యవస్థ కూడా పదును తేలాలి. అందుకే మూడేళ్ల పిల్లలు పెన్సిలును పిడికిలితో పట్టుకుంటారు. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య క్రమంగా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పట్టుకునే తీరు వస్తుంది.

ఇప్పుడు ఆకారాల సంగతి చూడండి. చూపించిన బొమ్మను చూసి గీయడంలో ఒక వరస ఉంది. సాధారణంగా మూడేళ్లకు వృత్తం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఆ తర్వాత చతురస్రం, ఐదేళ్ల ప్రాంతంలో త్రిభుజం వస్తాయి. డైమండ్ ఆకారానికి ఆరేడేళ్లు పడతాయి. ఏటవాలు గీతలు కలిసే చోటును ముందే ఊహించాలి. కష్టం అక్కడ ఉంది.

భవానీపూర్‌లోని తెలుగు పిల్లవాడికి ఇది రోజూ ఎదురయ్యే అనుభవం. మన సున్న, ఠ, ర గుండ్రని గీతలతో నడుస్తాయి. బెంగాలీ ‘బ’ అక్షరం ఇంచుమించు ఒక త్రిభుజం, పైన అడ్డగీత. ఇంట్లో వృత్తం, వీధి బోర్డు మీద త్రిభుజం! నాలుగేళ్లప్పుడు ‘బ’ రాయలేని పిల్లవాడు సంవత్సరం చివరికి రాస్తున్నాడంటే అందులో సాధన ఎంత ఉందో వయసు కూడా అంత ఉంది. అందువల్ల తొందరపడి రోజుకు నాలుగు పేజీలు రాయించడం కన్నా మట్టితో బొమ్మలు చేయించడం, పూసలు గుచ్చించడం, కాగితం చింపి అతికించడం మంచివి. వేళ్లకు కావలసిన సాధన వాటిలోనే ఉంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పూర్వ ప్రాథమిక తరగతికి తెచ్చిన ఒక పుస్తకానికి ‘కుటుం కాటాం’ అని పేరు పెట్టింది. చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ ఎండుకొమ్మలతో, కర్రముక్కలతో తయారుచేసిన బొమ్మలకు పెట్టుకున్న పేరు అది.

3. లెక్క నేర్చుకున్నది

“మా వాడికి నూరు వరకు వచ్చు” అని తల్లిదండ్రులు సంతోషంగా చెబుతారు. నూరు వరకు చెప్పడం ఒక పాటను అప్పజెప్పడం వంటిది. లెక్కించడం వేరే పని. 1978లో రోషెల్ గెల్మన్, ర్యాండీ గాలిస్టెల్ అనే శాస్త్రవేత్తలు లెక్కించడంలో ఉన్న సూత్రాలను వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె మాత్రమే చెప్పాలి. అంకెల వరస మారకూడదు. చివర చెప్పిన అంకె మొత్తం ఎన్నో తెలుపుతుంది. దేనినైనా లెక్కించవచ్చు. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. వీటిలో మూడోది కీలకమైనది. “ఎన్ని గోళీలు ఉన్నాయి?” అని అడిగితే ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి, మళ్లీ “ఎన్ని?” అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే పిల్లవాడికి ఈ సూత్రం ఇంకా అందలేదన్నమాట.

భవానీపూర్ ఇందుకు మంచి ఉదాహరణ ఇస్తుంది. మన దేశంలో మొట్టమొదటి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్‌కు నడిచింది. దూరం 3.4 కిలోమీటర్లు. ఆ భవానీపూర్ స్టేషన్‌నే ఇప్పుడు నేతాజీ భవన్ అంటున్నారు. ఎస్ప్లనేడ్, పార్క్ స్ట్రీట్, మైదాన్, రవీంద్ర సదన్, నేతాజీ భవన్: మొత్తం 5 స్టేషన్లు. నేతాజీ భవన్‌లో రైలెక్కిన పిల్లవాడిని “ఎస్ప్లనేడ్‌కు ఎన్నో స్టేషన్‌లో దిగాలి?” అని అడగండి. చాలామంది ఎక్కిన స్టేషన్‌ను కూడా కలిపి “ఐదు” అంటారు. రైలు ఆగిన చోట్లు లెక్కపెట్టిస్తే నాలుగే వస్తాయి. స్టేషన్లు ఐదు, వాటి మధ్య ప్రయాణాలు నాలుగు. సంఖ్యారేఖ అంటే ఇదే! రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో, 1 నుంచి 10 వరకు గళ్లు వరసగా ఉన్న ఆటను పేద కుటుంబాల చిన్నారులతో పావుగంట చొప్పున నాలుగుసార్లు ఆడించారు. అంతమాత్రానికే వారి సంఖ్యాజ్ఞానం స్పష్టంగా మెరుగుపడింది. వరసగా ఉన్న గళ్లలో అడుగు ముందుకు వేయడమే అక్కడ పాఠం.

4. చెవి నేర్చుకున్నది

పిల్లలు చదవడం కంటితో నేర్చుకుంటారని అనుకుంటాం. నిజానికి అది చెవితో మొదలవుతుంది. ‘కమలం’ అనే మాటను క-మ-లం అని చప్పట్లు కొట్టి విడదీయడం నాలుగైదేళ్లకు చాలామందికి వస్తుంది. ‘క’లో క్, అ అనే రెండు ధ్వనులు ఉన్నాయని వినగలగడం అంతకంటే కష్టం. 1974లో ఇసబెల్ లిబర్‌మన్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగంలో, కిండర్‌గార్టెన్ పిల్లల్లో సుమారు సగం మంది మాటను అక్షరాలుగా విడదీశారు. విడి ధ్వనులుగా విడదీయగలిగింది 17 శాతం మందే. ఒకటో తరగతి పిల్లల్లో ఇవి వరసగా 90, 70 శాతం. తెలుగు, బెంగాలీ లిపులు అక్షరం మీద నడుస్తాయి. ఇంగ్లీషు లిపి విడి ధ్వని మీద నడుస్తుంది. కాబట్టి ఇంగ్లీషు మాట కూడబలుక్కుంటున్న పిల్లవాడు వెనకబడ్డాడని వెంటనే అనుకోకూడదు. వాడి చెవి చేస్తున్న పని పెద్దది.

ఇక భాషల సంగతి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో, కోల్‌కతాలో తెలుగువారు తరాలుగా ఉంటున్నారు. వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో ఇంగ్లీషో హిందీయో వింటారు. తమ పేట పేరునే గమనించండి. ఇంట్లో ‘భవానీపూర్’. పక్కింటి బెంగాలీవారి నోట ‘భొబానీపుర్’. బెంగాలీలో మన ‘అ’కారం ‘ఒ’కు దగ్గరగా పలుకుతుంది, ‘వ’ కాస్తా ‘బ’ అవుతుంది. ఐదేళ్ల పిల్లవాడు ఎవరితో ఎలా పలకాలో ఎవరూ చెప్పకుండానే మార్చుకుంటాడు. ఇది చిన్న విద్య కాదు.

రెండు భాషల పిల్లలకు ఒక్కో భాషలో మాటల సంఖ్య, ఆ ఒక్క భాషే మాట్లాడే పిల్లలకంటే కొంత తక్కువగా ఉండవచ్చు. రెండు భాషల్లోని మాటలూ కలిపి చూస్తే వాళ్లేమీ వెనకబడి లేరని పరిశోధనలు చూపాయి. ఒక్క భాషలోనే అడిగితే మనకు కనబడేది వాడి తెలివిలో ఒక భాగమే.

5. మనసు నేర్చుకున్నది

కొన్ని కార్డులు తీసుకోండి. వాటి మీద ఎర్ర పడవలు, నీలం పడవలు, ఎర్ర కుందేళ్లు, నీలం కుందేళ్లు ఉన్నాయనుకుందాం. ముందు రంగును బట్టి వేరుచేయమనండి. కాసేపటికి ఆట మార్చి, బొమ్మను బట్టి వేరుచేయమనండి. మూడేళ్ల పిల్లలు కొత్త నియమం ఏమిటో నోటితో చెబుతూనే పాత పద్ధతిలో వేస్తారు. ఐదేళ్లవాళ్లు ఎక్కువమంది మారగలుగుతారు. ఫిలిప్ జెలాజో, ఆయన సహచరులు 1990లలో ఈ పరీక్షను ప్రచారంలోకి తెచ్చారు. ఇలా తనను తాను ఆపుకునే, మార్చుకునే శక్తికి మెదడులో నుదుటి వెనక భాగం ముఖ్యం. ఆరేళ్లకు మెదడు పరిమాణం పెద్దవాళ్ల మెదడులో సుమారు 90 శాతానికి చేరుతుంది. ఆ ముందుభాగం పరిపక్వత మాత్రం ఇరవై ఏళ్లు దాటేదాకా సాగుతుంది.

బెంగాల్‌లో ఒక ఆచారం ఉంది. సరస్వతీ పూజ అయ్యేదాకా పిల్లలు రేగిపళ్లు తినకూడదు. బజారు నిండా పళ్లు, నోట్లో నీళ్లు, అయినా ఆగాలి! 1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టిన ప్రఖ్యాత మిఠాయి ప్రయోగం కూడా ఇలాంటిదే. కాసేపు ఆగితే రెండు మిఠాయిలు, లేకపోతే ఒకటే. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారని చాలాకాలం చెప్పుకున్నారు. 2018లో తొమ్మిది వందలకు పైగా పిల్లల సమాచారంతో మళ్లీ పరిశీలిస్తే, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలా బలహీనపడింది. చిన్నప్పటి ఒక్క పరీక్ష జీవితాన్ని చెప్పలేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఎదుటివారి మనసును ఊహించడం కూడా ఈ వయసులోనే వికసిస్తుంది. సందేశ్ మిఠాయి పెట్టెలో గుండీలు పెట్టి, “లోపల ఏముంది?” అని అడగండి. పిల్లవాడు “మిఠాయి” అంటాడు. తెరిచి చూపించి మూయండి. “ఇప్పుడు మీ అక్క వచ్చి చూస్తే ఏముందనుకుంటుంది?” అని అడగండి. మూడేళ్లవాడు “గుండీలు” అంటాడు. తనకు తెలిసింది అందరికీ తెలుసని వాడి లెక్క. ఐదేళ్లవాడు నవ్వుతూ “మిఠాయి అనుకుంటుంది” అంటాడు. ఎదుటివాళ్లకు ఏం తెలుసో, ఏం తెలియదో ఊహించడం వాడికి వచ్చింది.

6. ప్రశ్న అడిగే తీరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే చేసిన ప్రయోగం డి.ఎడ్., బి.ఎడ్. చదివేవారికి తెలిసే ఉంటుంది. రెండు వరసల్లో సమానంగా నాణేలు పేర్చుతారు. “రెండూ సమానమేనా?” అంటే పిల్లవాడు అవునంటాడు. ఒక వరసను దూరం దూరంగా జరిపి మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. ఐదేళ్ల పిల్లలు చాలామంది “పొడవుగా ఉన్నదాంట్లో ఎక్కువ” అంటారు. పదిలపరచుకొనే భావన ఇంకా రాలేదని, వీళ్లు పూర్వప్రచాలక దశలో ఉన్నారని పియాజే చెప్పారు.

1974లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ బ్రిటన్‌లో ఇదే ప్రయోగంలో ఒక్క మార్పు చేశారు. నాణేలను పెద్దవాళ్లు జరపలేదు. ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ పెట్టెలోంచి దూకి వరసను చెడగొట్టింది. తర్వాత అదే ప్రశ్న అడిగారు. ఈసారి నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది “సమానమే” అన్నారు!

ఎందుకు? టీచరు కావాలని ఒక వరసను కదిపి, అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగితే, “నా మొదటి జవాబు మార్చాలేమో” అని పిల్లవాడు అనుకుంటాడు. వాడు నాణేలతో పాటు అడిగేవారి ఉద్దేశాన్ని కూడా చదువుతున్నాడు. ఈ వివరణ మీద తర్వాత చర్చలు జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. కానీ అడిగే తీరు మారితే పిల్లవాడి జవాబు మారుతుందన్నది స్పష్టం.

మన ఎర్ర పెన్సిలు బాబు చేసింది కూడా ఇదే. టీచరు మనసులో ఏముందో వాడు ఊహించాడు. తెలిసిన విషయాన్ని మళ్లీ అడగడం వాడికి వింతగా తోచింది. వికాసం ఉంది కాబట్టే వాడు మౌనంగా ఉన్నాడు. ఆ మౌనానికి మనం సున్నా వేశాం.

7. పరీక్షకు బదులు

2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్, బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ వడపోత పరీక్షలకు గురిచేయరాదని చెబుతోంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా తీసుకుంది. అంటే యూకేజీకి, ఒకటో తరగతికి మధ్య గోడ ఉండకూడదు. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసుకు రాతపరీక్షలు తగవని, పిల్లలను గమనించడం, వారు చేసిన పనులను పరిశీలించడం సరైన పద్ధతులని సూచించింది.

గమనించడం అంటే ఏమిటి? జూన్‌లోనో ఏప్రిల్‌లోనో గీసిన బొమ్మను, సంవత్సరం చివర గీసిన బొమ్మను పక్కపక్కన పెట్టడం. ఆటలో వంతుకోసం ఎంతసేపు ఆగుతున్నాడో చూడటం. విన్న కథను తన సొంత మాటల్లో, తనకు వచ్చిన భాషలో చెప్పనివ్వడం. ఒక్కరోజు కాకుండా పలు రోజులు, పలు సందర్భాల్లో చూడటం. పిల్లవాడిని పక్క పిల్లవాడితో కాక నిన్నటి తనతోనే పోల్చడం.

భవానీపూర్‌కే చెందిన మరో ఉదాహరణ చెప్పి ముగిస్తాను. సినీ దర్శకుడు సత్యజిత్ రాయ్ బాల్యంలో కొన్నేళ్లు ఈ పేటలోనే, మేనమామ ఇంట్లో గడిచాయి. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసు దాకా ఆయన బడి మొహం చూడలేదు. తల్లి సుప్రభ ఇంట్లోనే చదువు చెప్పారు. అందరూ అలా చేయాలని కాదు. ఐదో ఏట ఏ బడి వారు ఏం రాసుకున్నా, అది పిల్లవాడి భవిష్యత్తుకు చివరి మాట కాదని మాత్రం చెప్పవచ్చు.

ఆ బాబు ఇంటికి దగ్గరలోని మరో బడిలో చేరాడు. ఈమధ్య నేను వెళ్లినప్పుడు కావాలనే ఎర్ర పెన్సిలు వెనక దాచి, “నా దగ్గర ఒక పెన్సిలుంది, రంగు చెప్పుకో చూద్దాం” అన్నాను. వాడు ఆగకుండా ఏడు రంగులు చెప్పాడు, మూడు భాషల్లో.

మీరు చేసి చూడండి

ఐదేళ్ల పిల్లలు ఇంట్లో ఉంటే, పెద్దల అనుమతితో, ఆటగా మాత్రమే వీటిని చేయండి. మిఠాయి పెట్టె ప్రయోగం చేయండి. నాణేల ప్రయోగాన్ని ఒకరోజు మీరే జరిపి, వారం తర్వాత ఒక బొమ్మ చేత చెడగొట్టించి చూడండి. జవాబులు రాసుకోండి. పిల్లవాడి ముందు “తప్పు” అనకండి.

ఆలోచించండి

1. అంకెలు వల్లించడానికి, లెక్కించడానికి తేడా ఏమిటి?
2. బెంగాలీ ‘బ’ నాలుగేళ్ల పిల్లలకు ఎందుకు కష్టం?
3. అల్లరి ఎలుగుబంటి ప్రయోగం పరీక్షల గురించి మీకు ఏం చెబుతోంది?